మెలకువ వేరు, ఎరుక వేరు: స్పృహ లేని మనిషిని, స్పృహకి అందని మనసుని అర్థం చేసుకోవడం ఎలా

మా నాన్న రెండేళ్ళ కిందట సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే పెరట్లో మొహం కడుక్కుంటూ కడుక్కుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. నేను పరుగెత్తుకెళ్ళి లేపి కూర్చోబెట్టాను, మా అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయింది, పక్కింటి బాబాయి తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు, ఒకళ్ళు తెలివి తప్పింది అన్నారు, ఒకళ్ళు ఫిట్స్ అన్నారు, ఇంకొకళ్ళు బీపీ డౌన్ అయ్యుంటుందిలే కాసేపు పడుకోబెట్టండి అన్నారు. అది మెదడులో రక్తస్రావం. ఆ పది నిమిషాల్లో మేం చేసిన వాటిలో సగం చేయకూడని పనులే అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత పందొమ్మిది రోజులు ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని డాక్టర్లని, సిస్టర్లని అడిగి అడిగి, ఇంటికొచ్చాక కూడా వదలకుండా చదివి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, వైద్యం చెప్పడానికి రాయట్లేదు, మీ ఇంట్లో ఎవరైనా ఇలా పడిపోతే ఏం జరుగుతోందో మీకు అర్థం కావాలి అని రాస్తున్నా, ఎందుకంటే అర్థం కాని భయంలో చేతులు తప్పు పనులే చేస్తాయి.

మన భాషలో దీనికి మాటలు చాలా ఉన్నాయి. మా వైపు తెలివి తప్పింది అంటాం, తెలంగాణలో సోయి లేదు అంటారు, కళ్ళు తిరిగి పడిపోయాడు, సొమ్మసిల్లాడు, మూర్ఛపోయాడు, కోమాలోకి వెళ్ళాడు. ఇబ్బంది ఏంటంటే ఇవన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. మూర్ఛ అంటే కొందరికి ఫిట్స్, కొందరికి ఊరికే కళ్ళు తిరగడం. ఆస్పత్రిలో డాక్టర్ ఏమైంది అని అడిగినప్పుడు మూర్ఛ వచ్చింది అని చెప్తే ఆయనకి ఏమీ చెప్పనట్టే. అందుకే మాటలు పక్కన పెట్టి రెండు ప్రశ్నలు పట్టుకోండి: మెలకువ ఉందా, ఎరుక ఉందా.

మెలకువ అంటే కళ్ళు తెరవడం, పిలిస్తే లేవడం. దీన్ని నడిపేది మెదడు అడుగున ఉండే కాండం, అంటే వెన్నుపాము మెదడుతో కలిసే చోట ఉన్న బొటనవేలంత లావు భాగం. 1949లో మొరూజీ, మెగూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, ఆ కాండంలో ఉన్న ఒక నరాల వలని కరెంటుతో కదిపితే మొత్తం మెదడు తరంగాలు నిద్రలోంచి మెలకువలోకి మారిపోతాయని చూపించారు. ఎరుక అంటే వేరే సంగతి, నేను ఎవరు, ఎక్కడున్నా, ఎదురుగా ఉన్నది ఎవరు అని తెలియడం. దానికి పైన ఉండే మెదడు పొర, మధ్యలో ఉండే థాలమస్, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. మామూలుగా ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి మనకి ఒకటే అనిపిస్తాయి. కానీ విడిపోవచ్చు. కళ్ళు తెరిచి ఉండి ఎరుక లేని మనుషులు ఉన్నారు, కళ్ళు కూడా తెరవలేక లోపల పూర్తి ఎరుకతో ఉన్న మనుషులూ ఉన్నారు. ఈ ఒక్క ముక్క నాకు ఆరోజు తెలిసుంటే చాలా సంగతులు వేరేగా ఉండేవి.

ముందు పడిపోయిన ఆ క్షణం గురించి చెప్తా.

మెదడు బరువు మన ఒంట్లో 2 శాతమే, కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్‌లో 20 శాతం అదే తాగేస్తుంది, దాచుకునే అలవాటు దానికి లేదు. రక్తం ఆగితే ఆరు నుంచి పది సెకన్లలో స్పృహ పోతుంది. పెళ్ళి పందిట్లో ఉక్కపోతలో, దర్శనం క్యూలో, స్కూల్ ప్రేయర్‌లో ఎండలో నిలబడి పడిపోయే పిల్లలకి జరిగేది ఇదే, రక్తనాళాలు వదులై గుండె నెమ్మదించి రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, మెదడుకి చాలదు, మనిషి కింద పడతాడు. పడటం వల్లే నిజానికి బాగవుతాడు, ఎందుకంటే పడుకుంటే రక్తం తలకి తేలిగ్గా వెళ్తుంది. మనం ఏం చేస్తాం, వెంటనే లేపి కుర్చీలో కూర్చోబెట్టి పక్కలకి ఇద్దరం పట్టుకుంటాం, అంటే ఒళ్ళు చేసుకుంటున్న వైద్యాన్ని మనమే ఆపేస్తున్నాం. పడుకోబెట్టే ఉంచండి, కాళ్ళు కొంచెం ఎత్తండి, చుట్టూ జనాన్ని తప్పించండి. ఒకటి రెండు నిమిషాల్లో లేచి నేనెక్కడున్నా అని కాకుండా ఏమైంది నాకు అని సరిగ్గా మాట్లాడితే అది చాలావరకు సొమ్మసిల్లడమే. ఒకటి రెండు సార్లు చేతులు కొట్టుకున్నా ఫిట్స్ అనుకోనక్కర్లేదు, మామూలు సొమ్మసిల్లడంలో కూడా అలా అవుతుంది. అయితే పరిగెత్తుతూ ఉండగా పడిపోయినా, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ముందు గుండె దడదడ లాడినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయిన చరిత్ర ఉన్నా ఈసీజీ తీయించకుండా వదలొద్దు.

ఫిట్స్ వేరు. ఒళ్ళు బిగుసుకుని తర్వాత కొట్టుకోవడం, నురగ, ఒక్కోసారి నాలుక కొరుక్కోవడం, మామూలుగా ఒకటి నుంచి మూడు నిమిషాలు, ఆ తర్వాత చాలాసేపు మబ్బుగా ఉంటారు, అడిగినదానికి సరిగ్గా చెప్పలేరు. ఫోన్‌లో టైం చూడండి, అది మీరు చేయగలిగిన పెద్ద సాయం, ఐదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతులు కాళ్ళు బలంగా నొక్కి పట్టొద్దు, తలకింద మెత్తగా ఏదైనా పెట్టి ఆగాక పక్కకి తిప్పండి. ఇనప వస్తువు పెడితే ఫిట్స్ ఆగుతాయని నమ్మకం మనలో ఎంత బలంగా ఉందంటే మా బాబాయి ఇప్పటికీ తాళాల వల్లే నాన్న బతికాడంటాడు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆగినప్పుడు చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది, ఆ నమ్మకం అలాగే పుట్టింది.

ఏదైనా సరే, మనిషి పడి ఉంటే వరస ఇది. భుజాల మీద తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే ఛాతీ లేస్తోందా చూడండి, పది సెకన్లకి మించొద్దు. ఊపిరి లేకపోయినా, లేదా చేప ఒడ్డున పడ్డట్టు అప్పుడొకటి అప్పుడొకటి నోరు తెరిచి గుటకలేస్తున్నా గుండె ఆగినట్టే లెక్క, ఆ గుటకల్ని చూసి ఊపిరాడుతోందిలే అనుకుని చాలామంది ఆగిపోతారు. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కండి. ఆ 108 హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది, తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. ఊపిరి ఉంటే మటుకు మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే బయటికి పోవాలి గానీ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నోట్లో నీళ్ళు, సోడా, కాఫీ ఏదీ పోయొద్దు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతుంటే అప్పుడే పంచదార నీళ్ళు ఇవ్వాలి, స్పృహ పోయాక నోటి ద్వారా ఏదీ వద్దు. ఎండాకాలం పొలంలోనో రోడ్డు పనిలోనో పడిపోయి ఒళ్ళు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకి లాగి ఒంటి మీద నీళ్ళు గుమ్మరించి విసరాలి.

కట్లపాము సంగతి విడిగా చెప్పాలి, పల్లెల్లో ఉన్నవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కాటేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, చాలామందికి కరిచినట్టే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత కదలిక ఉండదు, ఊపిరి ఆగిపోవచ్చు. బయటికి చూస్తే పూర్తిగా స్పృహ లేని మనిషి, ఒక్కోసారి కంటిపాపలు కూడా లైటుకి కదలవు, చచ్చిపోయాడనుకున్న కేసులున్నాయి. కానీ ఆ విషం ఆపేది నరానికి కండకి మధ్య ఉండే లింకుని, మెదడుని కాదు. మనిషి లోపల అంతా వింటూ ఉండవచ్చు. వెంటిలేటర్ పెట్టి, విషానికి విరుగుడు ఇచ్చి కొన్ని రోజులు మోస్తే లేచి నడిచి ఇంటికొచ్చినవాళ్ళు ఉన్నారు. అలాంటి మనిషి మంచం పక్కన నిలబడి ఇంక లాభం లేదు అని ఏడిస్తే ఆ మాటలు ఆ మనిషి చెవిలో పడుతున్నాయేమో ఆలోచించండి.

ఇప్పుడు ఐసీయూ లోపలికి వెళ్దాం.

మూడో రోజు ఒక సిస్టర్ బయటికొచ్చి నాన్నగారికి ఇవాళ ఏడండీ, నిన్న ఆరు అంది. ఏంటి ఏడు అని అడగడానికి కూడా మాకు నోరు రాలేదు, మా అమ్మ అయితే ఏడు రోజులు అనుకుంది. అది గ్లాస్గో కోమా స్కేల్. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారు చేశారు, ఇప్పుడు ప్రపంచంలో దాదాపు ప్రతి ఐసీయూలో వాడతారు. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. అన్నిట్లో కనీసం ఒకటి వస్తుంది కాబట్టి అతి తక్కువ 3, సున్నా ఉండదు. 8, అంతకంటే తక్కువ అయితే తీవ్రం. కళ్ళు వాటంతటవే తెరిస్తే 4, పిలిస్తే తెరిస్తే 3, నొక్కితే 2, అసలు తెరవకపోతే 1. కదలికలో చెప్పిన పని చేస్తే 6, నొప్పి పెట్టిన చోటికి చెయ్యి తెచ్చి తోసేయబోతే 5, ఊరికే వెనక్కి లాక్కుంటే 4, ఇలా దిగుతూ పోతుంది. మొత్తం నంబర్ కంటే విడివిడిగా అడగండి, ఎందుకంటే కదలిక నంబర్ 4 నుంచి 5కి పెరగడం చాలా చెప్తుంది. గొంతులో ట్యూబ్ ఉంటే మాట నంబర్‌కి అర్థం లేదు, సెడేషన్, అంటే మత్తులో ఉంచే మందు, నడుస్తుంటే మొత్తం నంబర్‌నే నమ్మలేం. అందుకని రోజూ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: సెడేషన్ నడుస్తోందా, ఆపి చూశారా. రెండోది: తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నారా. మూడోది: చెప్పిన పని ఏదైనా చేశారా. ఈ మూడూ అడిగితే డాక్టర్లు కూడా మనతో వేరేగా మాట్లాడతారు, ఇది నేను చూశాను.

కోమా అంటే లేపినా లేవని స్థితి, నిద్రకి దానికి తేడా అదే, నిద్రలో ఉన్నవాణ్ణి ఎంత మొద్దునిద్రైనా లేపొచ్చు. సినిమాల్లో చూపించినట్టు ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని ప్రశాంతంగా పడుకుని ఒకరోజు హఠాత్తుగా లేచి అమ్మా అనడం ఉండదు. కోమా మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో ఎటో ఒకవైపు మారుతుంది. కొందరు మెల్లగా కోలుకుంటారు, కొందరు పోతారు, కొందరికి కళ్ళు తెరుచుకుంటాయి కానీ ఎరుక రాదు. ఈ మూడోదే ఇంట్లో వాళ్ళని అన్నిటికంటే ఎక్కువ అయోమయంలో పడేస్తుంది, ఎందుకంటే పగలు కళ్ళు తెరుస్తారు, రాత్రి నిద్రపోతారు, ఆవులిస్తారు, ఒక్కోసారి నవ్వినట్టో ఏడ్చినట్టో మొహం పెడతారు. మెలకువ వచ్చింది, ఎరుక రాలేదు. 1972లో జెనెట్, ప్లమ్ దీనికి వెజిటేటివ్ స్టేట్ అని పేరు పెట్టారు, మనిషిని కూరగాయతో పోల్చినట్టుందని ఇప్పుడు చాలామంది డాక్టర్లు స్పందన లేని మెలకువ అనే అర్థం వచ్చే పేరు వాడుతున్నారు, నాకూ అదే సరైనది అనిపిస్తుంది. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురై ఈ స్థితిలోనే 42 ఏళ్ళు ఉండి 2015 మేలో చనిపోయారు. అంతకాలం ఆమెని చూసుకున్నది ఆ ఆస్పత్రి నర్సులు, తరం తర్వాత తరం. ఆమె కేసులోనే 2011లో సుప్రీంకోర్టు చికిత్స ఆపడం గురించి మొదటిసారి దారి చూపించింది, 2018లో, ఏ చికిత్స వద్దో మనం ముందే రాసిపెట్టుకునే వీలునామాకి కూడా ఒప్పుకుంది.

బ్రెయిన్ డెత్ మటుకు కోమా కాదు. అక్కడ కాండం కూడా పోయింది, వెంటిలేటర్ ఊపిరి పోస్తుంది, గుండె కాసేపు కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, అందుకే నమ్మబుద్ధి కాదు. మన దేశంలో అవయవ మార్పిడి కోసం 1994లో వచ్చిన చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే ధ్రువీకరించాలి. ఎవరైనా బ్రెయిన్ డెత్ అంటే పరీక్షలు రెండూ అయ్యాయా అని అడిగే హక్కు మీకుంది.

ఇక అసలు మాట. స్పందన లేని మెలకువ అని డాక్టర్లు అనుకున్నవాళ్ళలో కొందరికి లోపల ఎరుక ఉంది. 2006లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక 23 ఏళ్ళ అమ్మాయిని, యాక్సిడెంట్ అయి నెలల తరబడి ఏ స్పందనా లేని అమ్మాయిని, స్కానర్‌లో పెట్టి నువ్వు టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అని చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఊహించుకుంటే మెదడులో ఎక్కడ వెలుగుతుందో సరిగ్గా అక్కడే వెలిగింది. మీ ఇంట్లో గదుల్లో నడుస్తున్నట్టు ఊహించుకో అంటే వేరే చోట వెలిగింది, అదీ ఆరోగ్యవంతులకి వెలిగే చోటే. ఆ అమ్మాయి వింటోంది, అర్థం చేసుకుంటోంది, చెప్పినట్టు చేస్తోంది, చేతిని కదపలేకపోతోంది అంతే. తర్వాత 2024లో పలు దేశాల ఆస్పత్రులు కలిసి చేసిన పరిశీలనలో మంచం మీద ఏ ఆజ్ఞకీ కదలని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఇలా మెదడుతో జవాబిచ్చారు. నలుగురిలో ఒకరు. నేను ఇది చదివిన రోజు రాత్రి నిద్రపోలేదు, ఎందుకంటే పదకొండో రోజు మా నాన్న మంచం పక్కనే నిలబడి ఒక చిన్న డాక్టర్ ఈయన ఇంక ఇంతేనండీ ఖర్చు ఆలోచించుకోండి అన్నాడు, నేను తలూపాను, ఇద్దరం ఆయన చెవికి రెండడుగుల దూరంలో ఉన్నాం.

ఆ స్కానింగులు మన దగ్గర మామూలు ఆస్పత్రుల్లో దొరకవు. కానీ మంచం పక్కన మీరు చేయగలిగినవి ఉన్నాయి, అవి తక్కువవి కావు. 2009లో బెల్జియంలో, డాక్టర్లందరూ కలిసి ఎరుక లేదని తేల్చిన 44 మందిని పరిశోధకులు ఒక క్రమపద్ధతిలో మళ్ళీ పరీక్షిస్తే 18 మందిలో ఎరుక జాడలు దొరికాయి. యంత్రం లేదు, ఓపికగా చూడటమే. మీరు చేయాల్సింది, రోజూ ఒకే టైంలో కాకుండా వేరే వేరే టైముల్లో చూడండి, ఎరుక వస్తూ పోతూ ఉంటుంది, డాక్టర్ రౌండుకి వచ్చిన ఐదు నిమిషాల్లో అది లేకపోవచ్చు. చేతిలో చెయ్యి పెడితే పట్టుకున్నారు అని సంబరపడొద్దు, పసిపిల్లల్లా అరచేతికి ఏదైనా తగిలితే పట్టుకోవడం ఒట్టి రిఫ్లెక్స్, అంటే ఎరుక లేకుండానే జరిగే కదలిక కావచ్చు, అందుకని పట్టుకోమని కాదు, చెయ్యి వదలమని అడగండి, రెండు వేళ్ళు చూపించమని అడగండి, అడిగి పదిహేను ఇరవై సెకన్లు ఆగండి, మనం ఆగం, మూడు సెకన్లకే మళ్ళీ అడుగుతాం. కళ్ళు తెరిచి ఉంటే మొహం ముందు ఒక చేతి అద్దం పెట్టి మెల్లగా పక్కకి జరపండి, వేలుని పెన్నుని పట్టించుకోని కళ్ళు తన మొహాన్ని వెంబడించడం చాలామందిలో ముందు కనిపిస్తుంది. పైకి చూడండి, కిందకి చూడండి అని కూడా అడగండి, కాండంలో ఒక చోట దెబ్బ తగిలితే ఒళ్ళంతా బిగిసిపోయి కంటి రెప్పలు, పైకి కిందకి చూపు మాత్రమే మిగిలే స్థితి ఒకటుంది, అందులో మనిషి పూర్తి ఎరుకతో ఉంటాడు. ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. చూసింది ఫోన్‌లో వీడియో తీసి, టైం రాసి డాక్టర్‌కి చూపించండి. మాట్లాడేటప్పుడు ముందు మీరెవరో చెప్పండి, ఇవాళ ఏ వారమో చెప్పండి, ముట్టుకునే ముందు ముట్టుకుంటున్నా అని చెప్పండి. చెడ్డవార్తలు, డబ్బు లెక్కలు, ఆస్తి గొడవలు బయట వరండాలో.

ఆపరేషన్‌కి ఇచ్చే మత్తు కూడా ఇందులోదే, మందుతో తెచ్చిపెట్టే, మళ్ళీ వెనక్కి తిప్పగలిగే స్పృహలేమి. దీని చరిత్రలో మన హైదరాబాద్‌కి పెద్ద చోటుంది, చాలామందికి తెలియదు. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం అనే మత్తుమందుని పరీక్షించడానికి రెండు కమిషన్లు నడిపాడు, లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాంతో చచ్చిపోతున్నవాళ్ళకి ముందు గుండె ఆగుతోందా ఊపిరి ఆగుతోందా అన్నది ప్రశ్న. వందల జంతువుల మీద చూసి ఊపిరే ముందు ఆగుతుంది, ఊపిరిని చూసుకుంటే చాలు అన్నారు. అది పూర్తిగా నిజం కాదని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు, గుండె కూడా ఆగగలదని. తీర్పు తప్పినా, మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద కన్ను తీయకూడదన్న పట్టుదల మంచిదే. ఆ రోజుల్లోనే అక్కడ చదువుకుని క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు.

ఇంతవరకు చెప్పింది స్పృహ లేని మనిషి గురించి. మంచి స్పృహలో ఉన్న మన లోపల కూడా ఎరుకకి అందని మనసు ఒకటి రోజంతా పని చేస్తూనే ఉంటుంది, దాన్ని అచేతన మనసు, అంతశ్చేతన అని పుస్తకాల్లో రాస్తారు, బయట సబ్‌కాన్షస్ అనేస్తాం. దీన్ని నాకు అర్థం చేయించింది మా అమ్మ పులిహోర. ఉప్పు ఎంత వేశావమ్మా అని అడిగితే ఏమో చెయ్యే చెప్తుంది అంటుంది, చెంచాతో కొలిచి వెయ్యమంటే తప్పుతుంది. ఆ జ్ఞానం ఉంది, ఎరుకలో లేదు. బండి మీద ఇంటికొచ్చేసి దారి గుర్తులేకపోవడం, తాళం వేశానా లేదా అని సగం దారిలో వెనక్కి రావడం ఇవన్నీ అవే.

డాక్టర్లు దీన్ని రోగుల్లో స్పష్టంగా చూశారు. స్విట్జర్లాండ్‌లో క్లాపరేడ్ అనే ఆయన దగ్గర కొత్త సంగతులేవీ గుర్తుండని ఒక ఆవిడ ఉండేది, రోజూ ఆయన్ని కొత్తగా పరిచయం చేసుకునేది. ఒకరోజు వేళ్ళ మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో చెయ్యి కలిపాడు, గుచ్చుకుంది, కాసేపటికి మర్చిపోయింది. కానీ తర్వాత ఆయన చెయ్యి చాపితే ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకు అంటే, చెయ్యి వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదా అన్నట్టు ఏదో కారణం చెప్పింది, సూది మాత్రం గుర్తులేదు. 1911లో ఆయన ఇది రాశాడు. అమెరికాలో 1953లో ఫిట్స్ కోసం మెదడులో కొంత భాగం తీసేశాక కొత్త జ్ఞాపకాలు నిలవని హెన్రీ మొలైసన్ అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం రోజురోజుకీ బాగా నేర్చుకున్నాడు, ప్రతిరోజూ ఇదెప్పుడూ చేయలేదే అనేవాడు. చూపు భాగం దెబ్బతిని ఏమీ కనిపించట్లేదు అనే మనిషి, వరండాలో అడ్డంగా పెట్టిన సామాన్లని తగలకుండా తప్పుకుంటూ నడిచిన వీడియో 2008లో వచ్చింది.

సైకోఅనాలిసిస్, అంటే మనోవిశ్లేషణ, మొదలుపెట్టిన ఫ్రాయిడ్ పేరు చెప్పకుండా ఇది పూర్తవదు. కోరికలు, భయాలు అణిచేస్తే లోపలికి పోయి కలల్లో, నోరు జారడంలో బయటపడతాయన్నాడు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1920ల్లో ఆయనతో ఉత్తరాల్లో వాదించి, 1922లో భారతీయ సైకోఅనాలిసిస్ సంఘాన్ని పెట్టాడు. నా అభిప్రాయం చెప్తున్నా, మనసులో ఎక్కువభాగం ఎరుక లేకుండా నడుస్తుందన్నది నిలబడింది, ప్రతి కలకీ ఒక దాచిన కోరిక ఉందన్నది నిలబడలేదు. అంతకుముందే మాండూక్య ఉపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, అంటే మెలకువ, కల, గాఢనిద్ర అని విడదీసి, వాటి వెనక నాలుగోది తురీయం అంది. హాయిగా నిద్రపోయాను ఏమీ తెలియలేదు అని లేచాక అంటాం కదా, ఏమీ తెలియనప్పుడు హాయి ఎవరికి తెలిసింది అని మన వేదాంతులు అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ ఎవరూ తేలిగ్గా జవాబు చెప్పలేరు.

మీ లోపలి ఆ భాగాన్ని చూడాలంటే నేరుగా లోపలికి తొంగి చూడటం కుదరదు, అది చేసిన పనిని బట్టే పట్టుకోవాలి. నేను చేసేది ఏంటంటే, ఎవరిమీదైనా కారణం లేకుండా చిరాకొస్తే ఆ కారణం వెతకను, వెతికితే మనసు ఏదో ఒకటి అల్లి ఇచ్చేస్తుంది, చేతికి సూది గుచ్చుకున్న ఆ ఆవిడలాగే. దాని బదులు టైం, చోటు, ముందు ఏం జరిగింది అని రాసుకుంటా, రెండు మూడు వారాలకి వరస కనిపిస్తుంది. ఆ వరసలు ఎక్కువగా ఆకలి, నిద్ర చాలకపోవడం, ఒక వాసన, ఒకరి గొంతు ఇలాంటి చిన్నవే ఉంటాయి. అలవాటు మార్చాలంటే మనసుతో పోట్లాడకుండా చోటు మార్చండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. 21 రోజుల్లో సబ్‌కాన్షస్‌ని మార్చేస్తాం అని వేలకి వేలు ఫీజు తీసుకునేవాళ్ళ దగ్గరికి పోవద్దు, లండన్‌లో ఫిలిపా లాలీ బృందం నిజంగా కొలిచి చూస్తే అలవాటు పడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మత్తులో మనిషి నిజమే చెప్తాడన్నది కూడా అబద్ధమే, మత్తుమందు ఇచ్చి ప్రశ్నించే నార్కో పరీక్షలు బలవంతంగా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత గాయాలు మరీ బాధపెడుతుంటే, లేదా పరీక్షల్లో ఏమీ లేకపోయినా స్పృహ తప్పుతూ ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి, అలా పడిపోయే ఆడపిల్లల్ని నాటకం అని కొట్టడం, పూనకం అని చెట్టుకి కట్టేయడం నేను కళ్ళారా చూశాను, వాళ్ళు నటించట్లేదు, వాళ్ళ ఎరుకకి కూడా అందకుండానే అది జరుగుతుంది.

మా నాన్న పందొమ్మిదో రోజు వార్డుకి వచ్చాడు, నాలుగు నెలలకి నడిచాడు. ఐసీయూలో ఒక్కరోజు కూడా ఆయనకి గుర్తులేదు, ఆ గోడల రంగు కూడా తెలియదంటాడు. మొన్న షుగర్ టెస్టుకని మా ఊరి క్లినిక్‌కి తీసుకెళ్ళా, లోపలి గదిలోంచి సెలైన్ స్టాండ్ తోసుకొస్తున్న చక్రాల చప్పుడు వినపడగానే కుడిచెయ్యి ఛాతీకి హత్తుకుని మడుచుకున్నాడు, ఆ పందొమ్మిది రోజులూ సూదులు గుచ్చింది ఆ చేతికే. ఏంటి నాన్నా అంటే, ఏం లేదురా, ఇక్కడ ఏసీ చలిగా ఉంది అన్నాడు. ఆ గదిలో ఏసీ లేదు.